గ్రూప్ అడ్మిన్ అయిన మనవడికి

బిడ్డా,

మన దేవరయాంజాల్ పిల్లలంతా కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపుకు నిన్ను అడ్మిన్‌ను చేశారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నీళ్ళెప్పుడొస్తాయో, కరెంటెప్పుడు పోతుందో, ఎవరికి రక్తం కావాలో ఊరికి తెలియజేయడం మంచి పని. కానీ ఆ పనికి ఒక బరువు కూడా ఉంది. ఫోన్లో చెబితే సగంలో తెగిపోతుందని కాగితం మీద పెడుతున్నాను. ఓపిగ్గా చదువు.

2018 ఎండాకాలంలో నువ్వు బడి పిల్లాడివి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయట, బీహార్ వాళ్ళట, పార్థీ గ్యాంగట అని తెలంగాణ అంతా ఫోన్ల నిండా అవే మాటలు. ఎక్కడిదో వీడియో, ఎవరిదో గొంతు. ఆ మే నెలలో బీబీనగర్ దగ్గర ఒక ఊళ్ళో, హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఆటో డ్రైవర్‌ను దొంగ అనుకుని కొట్టి చంపారు. నెలాఖరులో చాంద్రాయణగుట్టలో, రంజాన్ నెల కదా అని నాలుగు పైసలు అడుక్కోవడానికి మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ట్రాన్స్‌జెండర్ మహిళల మీద గుంపు పడింది. ఒకరి ప్రాణం పోయింది. వాళ్ళు ఎవరి బిడ్డనూ ముట్టుకోలేదు.

ఆ గుంపుల్లో ఉన్నవాళ్ళు తెల్లారి లేచి పనికి పోయే మామూలు మనుషులే. పిల్లలున్న తండ్రులు. నాకు ఎక్కువ బాధ కలిగించేదీ అదే. వాళ్ళను రాక్షసులని తిట్టి ఊరుకుంటే మన మీద మనకు అనుమానం రాదు. అనుమానం రావాలి బిడ్డా. అందుకే సామాజిక మనోవిజ్ఞానం ఈ సంగతిని ఎలా చూసిందో నీకు చెప్పాలనిపించింది.

1934 జనవరి 15న బీహార్‌లో భయంకరమైన భూకంపం వచ్చింది. ఆ తర్వాత జనం నోళ్ళలో తిరిగిన వదంతులను జమునా ప్రసాద్ అనే పండితుడు పోగుచేసి, మరుసటి ఏడు ప్రచురించాడు. భూమి గట్టిగా ఊగినా ఇళ్ళు కూలని, మనుషులు పోని చోట్ల కూడా జనం వణికిపోతూ, ఇంతకంటే పెద్ద ప్రళయం రాబోతోందని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఈ సంగతి అమెరికాలో లియోన్ ఫెస్టింజర్ అనే శాస్త్రవేత్తను తికమక పెట్టింది. భయపడ్డ మనిషి ధైర్యం చెప్పే మాట కోసం వెతకాలి కదా, ఇంకా భయపెట్టే మాట ఎందుకు పుట్టిస్తాడు? ఆలోచించగా ఆయనకు తట్టింది ఇది: భయం ముందే వచ్చి కూర్చుంది. కళ్ళెదుట దానికి తగ్గ నష్టం లేదు. కారణం లేని భయాన్ని మనసు మోయలేదు కనుక కారణాన్ని తయారుచేసుకుంది. డార్జిలింగ్ వైపు కొండచరియలు విరిగిపడ్డప్పుడు దుర్గానంద్ సిన్హా అధ్యయనం చేస్తే, నిజంగా నష్టం జరిగిన చోట అలాంటి రాబోయే ప్రళయాల మాటలు వినిపించలేదు. ఫెస్టింజర్ 1957లో రాసిన ప్రసిద్ధ సిద్ధాంత గ్రంథానికి బీజం మన బీహార్ భూకంపంలో పడింది.

దీన్ని మన ఊరికి తెచ్చి చూడు. మనకు భయాలు లేవా? నువ్వు పుట్టాక ఎన్ని చేలు గోదాములయ్యాయో నీ కళ్ళతోనే చూశావు. సీతారామచంద్రస్వామి గుడి మాన్యాల సంగతి ఎప్పటి నుంచో నలుగుతున్నదే. 2021లో ప్రభుత్వం నలుగురు ఐఏఎస్ అధికారులతో కమిటీ వేసి, పదిహేను వందల ఎకరాల పైచిలుకు భూమి మీద విచారణ పెట్టినప్పుడు ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళలో నిద్రలు పోయాయో నేనెరుగుదును. కాగితం నిలబడుతుందో లేదో, కిరాయి ఎంత పెరుగుతుందో, కొడుక్కి ఉద్యోగం దొరుకుతుందో లేదో. ఇవన్నీ ముఖం లేని భయాలు. ఎవరి కాలర్ పట్టుకోవాలో తెలియదు. సరిగ్గా అప్పుడే ఫోన్లో ఒక ముఖం వచ్చి నిలబడుతుంది: హిందీ మాట్లాడేవాడు, మాసిన బట్టలవాడు, సాయంత్రం గోదాం దగ్గర గుంపుగా కూర్చునేవాడు. లోపల ఎన్నాళ్ళ నుంచో రగులుతున్నదంతా ఆ ముఖానికి అంటుకుంటుంది. ఒత్తిడి, పగ, గుంపు అని పుస్తకాల్లో వేర్వేరు అధ్యాయాలుగా ఉంటాయి గానీ, బీబీనగర్ దగ్గర ఆ రాత్రి మూడూ ఒకే చేతిలో కర్రయ్యాయి.

భయం వేసినప్పుడు మనిషికి పక్కన ఇంకో మనిషి కావాలి. స్టాన్లీ షాక్టర్ అనే ఆయన కొందరు విద్యార్థినులకు గట్టిగా కరెంటు షాక్ ఇస్తామని చెప్పి, వంతు వచ్చేదాకా ఒంటరిగా కూర్చుంటారా, తోడుతో కూర్చుంటారా అని అడిగాడు. దాదాపు మూడింట రెండు వంతుల మంది తోడే కావాలన్నారు. నొప్పి ఏమీ ఉండదని ఆయన ముందే చెప్పి కూర్చోబెట్టిన వాళ్ళలో అలా అడిగింది మూడో వంతే. రాత్రి పదకొండింటికి నీ గ్రూపులో మెసేజ్‌లు ఎందుకు కుప్పపడతాయో ఇప్పుడర్థమైందా? వాళ్ళు తోడు వెతుక్కుంటున్నారు. అందుకని తప్పుడు మెసేజ్ పంపినవాళ్ళను అందరి ముందు తిట్టకు. విడిగా ఫోన్ చెయ్యి. "అక్కా, పిల్లలు ఇంట్లనే ఉన్నరా? మంచిగున్నరా?" అని ముందు అడుగు. ఆ తర్వాతే మెసేజ్ మాటెత్తు.

గ్రూపులో మాత్రం ఆలస్యం చేయకు. ఎక్కడ జరిగింది, ఎవరు చూశారు, ఏ ఠాణాలో కేసైంది అని మర్యాదగా, సూటిగా, నీ పేరుతో రాయి. నువ్వొక్కడివి అడిగితే ఏమవుతుందంటావేమో. 1950ల మొదట్లో సాలమన్ ఆష్ చేసిన గీతల ప్రయోగం నీ చదువులో వచ్చే ఉంటుంది. గదిలో ఒక్కడు తప్ప మిగతా వాళ్ళంతా ముందే మాట్లాడుకున్నవాళ్ళు. అందరూ కలిసి పొట్టి గీతను పొడుగు గీతతో సమానమంటారు. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా ఆ తప్పుకు తలూపారు. మనిషి గొర్రె అని చెప్పడానికి చాలామంది ఈ ప్రయోగాన్ని వాడుకుంటారు. నాకది నచ్చదు. ఆష్ ఇంకొకటి కూడా చేశాడు. ఆ గదిలో నిజం చెప్పేవాణ్ణి ఒక్కణ్ణి కూర్చోబెట్టాడు. తప్పుకు తలూపడం నాలుగో వంతుకు పడిపోయింది. గ్రూపులో రెండు వందల మంది ఆ మెసేజ్ చూసి, "నాకే అనుమానంగా ఉందేమో, మిగతా వాళ్ళంతా నమ్మినట్టున్నారు" అని నోరు మూసుకుని ఉంటారు. నీ ఒక్క ప్రశ్న చూడగానే వాళ్ళకు గొంతు వస్తుంది.

నిజం చెప్పే గొంతు ఒకటి లేస్తే ఏమవుతుందో మన నేల మీదే జరిగి చూపించింది. అదే 2018లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా రెమా రాజేశ్వరి ఉన్నారు. ఎండాకాలం ఆరుబయట మంచాలు వేసుకునే జనం పొద్దుగూకగానే తలుపులు బిగించుకుంటున్నారని ఊళ్ళకు పోయిన పోలీసులు గమనించారు. ఆమె దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. ఊరికొక పోలీసుకు బాధ్యత అప్పజెప్పారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో వాళ్ళనూ చేర్పించారు. డప్పుతో, పాటతో ఊరూరా తిరిగి, ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. పాడినవాళ్ళలో పోలీసులూ ఉన్నారు. ఆమె కింద ఉన్న నాలుగు వందలకు పైగా ఊళ్ళలో ఆ వదంతి ఒక్క ప్రాణాన్నీ తీయలేదు. ఆ జులైలో వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. అదీ అవసరమే. కానీ నేను డప్పుకే ఎక్కువ విలువిస్తాను. రచ్చకట్ట దగ్గర అందరూ కలిసి విన్న మాటకు ఒక బలముంటుంది: నేను విన్నానని నాకు తెలుసు, పక్కవాడూ విన్నాడని కూడా తెలుసు. ఇక ఎవరూ ఒంటరిగా అనుమానపడాల్సిన పని లేదు. నిజంగా అనుమానం వస్తే మాత్రం 112కు ఫోన్ చేయాలి, పిల్లల విషయమైతే 1098. ఆ మనిషి చుట్టూ ఎవరూ మూగకూడదు. ఈ రెండు నంబర్లూ గ్రూపు పైన కనబడేలా పెట్టు.

ఇక క్రికెట్ మాట. గోదాముల్లో పనిచేసే బీహార్, ఒడిశా పిల్లలతో మనవాళ్ళు మ్యాచ్ పెట్టుకుందామంటున్నారని విన్నాను. మంచి ఆలోచన. అయితే జట్లు ఎలా కడతారన్నది చాలా ముఖ్యం. మ్యాట్ లో అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 1,261 మంది యువకులతో ఇదే పరీక్షించాడు. కొందరిని వేరే కులాల వాళ్ళతో కలిపి ఒకే జట్టులో ఆడించాడు. ఒకే జట్టులో ఆడినవాళ్ళకు కులం దాటి స్నేహాలు కుదిరాయి. వేరే కులాల వాళ్ళను ఎదుటి జట్టులో ఎక్కువగా ఎదుర్కొన్న వాళ్ళలో మాత్రం చాలా వరకు దానికి ఎదురు తిరిగింది. గార్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే ఈ మాట చెప్పాడు: ఊరికే ఎదురుపడితే పగ తగ్గదు, సమానంగా నిలబడి ఒకే పని కోసం చెమటోడిస్తే తగ్గుతుంది. కాబట్టి "దేవరయాంజాల్ వర్సెస్ బీహార్" అని పోస్టర్ వేయొద్దు నాయినా. ప్రతి జట్టులో ఇద్దరు ముగ్గురు వాళ్ళను కలుపుకోండి. కెప్టెన్సీ కూడా ఇవ్వండి. నీళ్ళ బాటిల్ అందించడానికి మాత్రమే పిలిస్తే అది సమానత్వం కాదు. ఇదేమంత కష్టం? 2020 లాక్‌డౌన్‌లో పిల్లల్ని చంకనేసుకుని మేడ్చల్ మీదుగా నాగ్‌పూర్ రోడ్డు పట్టి నడిచిపోయిన వాళ్ళకు దారి పొడుగునా అన్నం ప్యాకెట్లు పంచింది మన జనమే కదా.

చివరగా నీ ఆరోగ్యం. రాత్రంతా గ్రూపు కాపలా కాయకు. పదింటికి "అడ్మిన్లు మాత్రమే మెసేజ్ చేయగలరు" అన్న సెట్టింగ్ పెట్టేసి పడుకో. అత్యవసరమైతే నీ నంబర్ ఊళ్ళో అందరి దగ్గరా ఉంది. 1997లో షెల్డన్ కోహెన్ బృందం ఆరోగ్యంగా ఉన్న 276 మందికి జలుబు వైరస్ చుక్కలు వేసి చూసింది. చుట్టాలు, స్నేహితులు, పనిచేసే చోటివాళ్ళు, ఇరుగుపొరుగు అని ఆరు రకాలో అంతకు మించో బంధాలున్న వాళ్ళతో పోలిస్తే, ఒకటి నుంచి మూడు రకాలే ఉన్నవాళ్ళకు జలుబు పట్టే ముప్పు నాలుగు రెట్లు దాటింది. ఎంతమంది తెలుసన్న దానికంటే ఎన్ని రకాల మనుషులతో కలిసి బతుకుతున్నామన్నది ఒంటికి మేలు చేసింది. నాకు ఈ సంగతి ఎంత ఇష్టమో చెప్పలేను. మనసు మరీ బరువెక్కితే నాతో చెప్పు, మీ అమ్మతో చెప్పు. మాతో చెప్పలేనిదైతే టెలీ మానస్ వాళ్ళ 14416కు చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు. గ్రూపులో కూడా ఆ నంబర్ పెట్టు, ఎవరికి ఎప్పుడు అక్కరకొస్తుందో.

ఒక్కడివే అన్నీ మోయకుండా ఇంకో ఇద్దరిని అడ్మిన్లుగా పెట్టుకో. అంగన్‌వాడీ టీచరమ్మను అడుగు, ఏ ఇంట్లో ఏ పిల్లలున్నారో ఆమెకు తెలిసినంతగా ఊళ్ళో ఎవరికీ తెలియదు. రెండో అడ్మిన్‌గా గోదాములో పనిచేసే కుర్రాళ్ళలో తెలుగు, హిందీ రెండూ వచ్చినవాణ్ణి చూడు. ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు వాణ్ణి కూడా వెంటబెట్టుకుని రా.

మీ తాత