నిజము పలుకుచు వంచించుట

పలికిన వాక్యములో అక్షరమాత్రమైనను అబద్ధము లేకుండ ఎదుటివానిని నిలువున వంచింపవచ్చునా? వచ్చునని లోకానుభవము చెప్పుచున్నది. అట్లు వంచించినవానిని సత్యవాది యనవలెనా, అసత్యవాది యనవలెనా యన్నది ధర్మవిచారమునకు చెందిన ప్రశ్న. ఎన్నికల వేదికలును, వ్యాపారప్రకటనలును ఈ ప్రశ్నను ప్రతిదినము మన ముంగిట నిలుపుచున్నవి గాని, దీనికి సమాధానము మన దర్శనకారులు ఏనాడో నిర్ణయించియుండిరి.

పతంజలి యోగసూత్రములలో యమములను గణించుచోట సత్యమును పేర్కొన్నాడు. దానికి భాష్యము రచించిన వ్యాసుడు, వాక్కును మనస్సును ఉన్న విషయమునకు అనుగుణముగా నుండుటయే సత్యమని చెప్పి అంతటితో విరమింపలేదు. మాట యనునది తన యెరుకను ఇతరులకు అందించుటకై పుట్టినది గావున, అది వంచించునది గాని, భ్రాంతితో కూడినది గాని, వినువానికి ఏ బోధయు కలిగింపనిది గాని కారాదని నియమము విధించెను. ప్రాణులకు హాని కూర్చు పలుకు పైకి సత్యమువలె భాసించినను సత్యము కాదనియు తేల్చెను. సత్యమును వక్త నాలుకపై మాత్రమే వెదకక, శ్రోత బుద్ధిలో ఉదయించు జ్ఞానమునందు కూడ వెదకిన ఈ నిర్వచనముకంటె లోతైన మాట ఈ విషయమున మరియొకటి నాకు కానరాదు. దీనిని వ్యాఖ్యానించిన వాచస్పతిమిశ్రుడు, వంచనకు ఉదాహరణముగా శకునినో దుర్యోధనునో చూపలేదు. సాక్షాత్తు ధర్మరాజునే చూపినాడు.

ద్రోణపర్వములోని ఆ ఘట్టము తెలుగువారిలో తెలియనివారు అరుదు. భీముడు అశ్వత్థామ యను పేరుగల ఏనుగును కూల్చి, అశ్వత్థామ హతుడయ్యెనని అరచెను. తన కుమారుడు చచ్చెనన్న ఆ మాటను ద్రోణుడు నమ్మలేదు. ముల్లోకముల ఆధిపత్యము కొరకైనను ధర్మరాజు అసత్యమాడడన్న విశ్వాసముతో అతనినే అడిగెను. ధర్మరాజు చావు సంగతిని స్పష్టముగా పలికి, చచ్చినది ఏనుగన్న సంగతిని వినబడకుండ గొణిగెను. వాక్యమును మాత్రమే విడదీసి పరీక్షించు తార్కికునకు అందులో దోషము కనబడకపోవచ్చును. ద్రోణుడు ఏమి గ్రహింపవలెనని పలికినవాడు కోరెనో దానిని పరీక్షించినచో అది కల్తీలేని అసత్యము. అంతవరకు నేలకు నాలుగంగుళముల యెత్తున నడచిన అతని రథము నాడు నేలను తాకెననియు, ఆ వ్యాజమునకు ఫలముగా కడపట అతడు నరకమును చూడవలసివచ్చెననియు మహాభారతము చెప్పుచున్నది. ఆ శిక్షకంటె గంభీరమైన విశేషము అందులో వేరొకటి కలదు. భీముని అరపు వలన కాని పని ధర్మరాజు గొణుగుడు వలన అయ్యెను. ద్రోణునిచేత ఆయుధము విడిపించినది, జన్మమంతయు నిజము పలికిన పురుషుని కీర్తి. సత్యము ఏండ్ల తరబడి కూడబెట్టిన విశ్వాసమును ఒక్క క్షణములో వెచ్చించుటయే ఇట్టి వంచనలోని అసలు పాపము.

ప్రకటనలు వ్రాయువారు ఈ మర్మమును చక్కగా గ్రహించినవారు. తమకు లేని విశ్వాసమును వారు అన్యులనుండి, వైద్యునినుండియు, తల్లినుండియు, దేవునినుండియు, ఎరువు తెచ్చుకొందురు. 1946లో అమెరికాలో ఒక పొగాకు సంస్థ, వైద్యులు ఇతర సిగరెట్లకంటె కేమెల్ సిగరెట్లనే అధికముగా కాల్చుచున్నారని ప్రకటించెను. సిగరెట్టు ఆరోగ్యకరమని అందులో ఎచ్చటను లేదు. చదివినవాని మనస్సులో పుట్టవలసిన భావము మాత్రము అదియే. 1954 జనవరి 4న అక్కడి పొగాకు సంస్థలు కూడబలుకుకొని, నాలుగు వందలకు పైగా పత్రికలలో నిష్కపటమైన నివేదనమను పేర ఒక ప్రకటన వేయించి, పొగత్రాగుట ఊపిరితిత్తుల క్యాన్సరునకు కారణమన్నది ఇంకను రుజువు కాలేదని ప్రజలకు నచ్చజెప్పినవి. నిష్కపటమను మాటను కపటమునకు ముసుగుగా తొడుగుట ఎంతటి సాహసము! మన టెలివిజనులో నేడు లాభములను నెమ్మదిగా, మధురముగా వినిపించి, నష్టమునకు సంబంధించిన హెచ్చరికను ఊపిరి తిప్పుకొనకుండ చదివివేయువారును, కంటికి ఆనని అక్షరములలో షరతులు వర్తించునని అచ్చువేయువారును ఆ ధర్మరాజు గొణుగుడునే వృత్తిగా చేసికొన్నవారు.

అతిశయోక్తి అలంకారమే కదా, కవికి లేని నిషేధము వర్తకునికేల యని కొందరు వాదింతురు. ఈ వాదము నిలువదు. నాయిక ముఖమును చంద్రుడన్న కవి మాటకు ఏ శ్రోతయు మోసపోడు. అది వర్ణనయని ఇద్దరికిని తెలియును, ఆ తెలివియే రసమునకు ఆధారము. శ్రోతకు తెలిసినచో వ్యర్థమగు అతిశయోక్తి అలంకారశాస్త్రములో చేరదు.

రాజకీయములో ఇట్లు ఒకరి విశ్వాసమును ఎరువు తెచ్చుకొనుట మరింత భయంకరము. 1975 జూన్ 25న దేశములో అత్యవసరపరిస్థితి ప్రకటింపబడెను. ఒక సంవత్సరము మౌనవ్రతము పూనియున్న ఆచార్య వినోబా భావే, ఆ దినములలో తన్ను చూడవచ్చినవారికి అనుశాసనపర్వమను మాటను తెలియజేసెను. 1951 ఏప్రిల్ 18న తెలంగాణలోని పోచంపల్లిలో భూదానమును స్వీకరించి దేశమంతట పాదచారియై తిరిగిన ఋషితుల్యుని మాట అది. ప్రభుత్వము దానిని గోడలకెక్కించెను. జయప్రకాశ్ నారాయణ్ చెరలో నుండగా, పత్రికలు సెన్సారు వాతబడగా, అనుశాసనపర్వము క్రమశిక్షణకు ఆశీర్వచనమై ఊరూర వెలసెను. మౌనము ముగిసిన పిమ్మట వినోబా, అనుశాసనము ఆచార్యులదనియు, అధికారులది శాసనమనియు విడమరచి చెప్పెను. గోడలపైని మాట ముందు ఆ వివరణ వినబడలేదు. భారతములోని అనుశాసనపర్వమున బోధించువాడు అధికారములేని వృద్ధుడు, అంపశయ్యపై మరణమునకు వేచియున్న భీష్ముడు. గెలిచిన రాజు అతని చెంత కూర్చుండి, సందేహములడిగి, వినుచున్నాడు. ఇచ్చట రాజ్యమే బోధకస్థానమునెక్కి, ప్రశ్నించినవానిని కారాగారమునకు పంపెను. పర్వము పేరొక్కటి మిగిలెను. దానిలోని సంబంధము తలక్రిందులాయెను. పవిత్రమైన మాటను దొంగిలించుట పవిత్రమైన విగ్రహమును దొంగిలించుటకంటె తక్కువ దోషమని నేను తలపను.

నాటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకే వచ్చినచో, 1980ల దశకములో ప్రభుత్వము సారాను ప్యాకెట్లలో నింపి ఊరూరికి చేర్చు పథకమునకు వారుణి వాహిని యని నామకరణము చేసెను. కూలివాని దినవేతనమును సాయంకాలమునకు హరించు ద్రవమునకు దేవతానామమును, నదీనామమును కలిపి పెట్టిన ఆ పేరులో అబద్ధమేదియు లేదు. నిఘంటువు ప్రకారము అది నూటికి నూరుపాళ్లు నిజము. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతోద్యమపు రాత్రిబడులలో కూర్చుండిన స్త్రీలు, త్రాగుడు వలన సంసారము చితికిన ఒక ఇల్లాలి కథను సామాన్యమైన తెలుగులో చదువుకొనిరి. సారాను సారా యనియే పిలిచిన ఆ పాఠము చాలినది. 1992లో ఆ జిల్లాలోని దూబగుంట గ్రామ స్త్రీలు సారా అంగడిని మూయించిరి. ఉద్యమము జిల్లాలు దాటెను, సారావేలములు సాగక నిలిచెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషిద్ధమాయెను.

2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టము, ముఖ్యమైన సంగతిని బుద్ధిపూర్వకముగా దాచుటను గూడ తప్పుదారి పట్టించు ప్రకటనగా నిర్వచించినది. గొణుగుడును నేరముగా నెంచిన ఆ నిర్వచనమును చదివినపుడు వ్యాసభాష్యము నాకు జ్ఞప్తికి వచ్చెను. నూనె అమ్మువాడు ఇట్టి తప్పు చేసినచో పది లక్షల రూపాయలవరకు, మరల చేసినచో ఏబది లక్షలవరకు జరిమానా కలదు. రాజ్యమునడుగువానికి అట్టి నిబంధన లేదు. ఎన్నికల ప్రణాళికలోని వాగ్దానము చట్టము దృష్టిలో అవినీతికర చర్య కాదని 2013లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. ఆ తీర్పు ననుసరించి ఎన్నికల సంఘము, వాగ్దానమునకు హేతువును, దానికి ధనము వచ్చు మార్గమును పార్టీలు సూచింపవలెనని ప్రవర్తనా నియమావళిలో చేర్చినది. ఆ రెండు సంగతులును వాగ్దానముతో సమానమైన అక్షరములలో, సమానమైన కంఠస్వరముతో మనకు చెప్పవలసినవే. ఊరికి వచ్చిన అభ్యర్థిని, వేదిక దిగకమునుపే, ఆ రెండింటిని గూర్చి అడుగుటకు మనకు ఏ చట్టమును అడ్డులేదు.