తుపాకి సైటు, మన గురి



సంఘపత్రికలో తుపాకి మాట ఏల అని కొందరు అడుగవచ్చును. గడచిన నెలలో మేము కన్నులార చూచిన సంగతి ఒకటి మమ్మును విడువకున్నది గనుక వ్రాయుచున్నాము.

మన సంఘపు యౌవనస్థుడొకడు పట్టణములోని రైఫిలు క్లబ్బులో గురి కొట్టుట నేర్చుకొనుచున్నాడు. అతడు పాయింట్ 22 రైఫిలు క్రొత్తది, పైన దుర్భిణి సైటు బిగించినది, లైసెన్సుపై కొనుక్కొని, "అయ్యగారూ, మీరు కూడ వచ్చి చూడండి" అని బలవంతము చేయగా మేము వెళ్లితిమి. సైన్యమునుండి విరమించిన మన సుబేదారుగారును వచ్చిరి. గురి అట్ట 25 గజముల దూరమున నున్నది.

మొదటి గుండు క్రిందుగా ఎడమకు పడెను. అబ్బాయి వెంటనే సైటు మర త్రిప్పెను. రెండవది కుడికి పోయెను. మరల త్రిప్పెను. మూడవది ఇంకొక చోట. ఈలాగు ఇరువది గుండ్లు ఖర్చయినవి గాని నడిమి నల్లచుక్కకు ఒక్కటియు తగులలేదు. "ఈ సైటు పాడుదండి, దుకాణమువాడు మోసం చేశాడు" అని అతడు విసుగుకొనెను.

సుబేదారుగారు తుపాకిని అడిగి తీసుకొని గుండ్లు తీసివేసి మొదట మరలు చూచిరి. దుర్భిణిని తుపాకికి బిగించు మర ఒకటి వ్రేలితోనే తిరుగుచుండెను! దానిని బిగించి, ఇసుకసంచిపై తుపాకిని ఆనించి, "నాయనా, ఇక దేన్నీ ముట్టకు. మూడు గుండ్లు ఒక్క తీరుగా కొట్టు" అనిరి. మూడును రూపాయి బిళ్లంత చోటున పడినవి. అయితే చుక్కకు 2 అంగుళములు క్రిందుగా, 1 అంగుళము ఎడమగా.

"ఇప్పుడు సైటు సంగతి చూద్దాం. చెదిరి పడుతూ ఉంటే సైటు తిప్పి లాభం లేదు. ఒక్కచోట పడితేనే ఎంత తప్పిందో తెలుస్తుంది" అనిరి ఆయన.

అబ్బాయి సైటు మూతమీది వ్రాత చదివి, ఒక్కొక్క టిక్కుకు పావు అంగుళమని లెక్కవేసి, పైకి 8 టిక్కులు త్రిప్పెను. గుండు అరంగుళమే లేచెను. ఆ పావు అంగుళపు లెక్క 100 గజములకు వ్రాసినది. 25 గజములయొద్ద టిక్కుకు అంగుళములో పదునారవ వంతే జరుగును. కావున పైకి మొత్తము 32, కుడికి 16 త్రిప్పవలెను. అంత త్రిప్పిన తరువాత గుండ్లు చుక్కలో పడినవి. పిమ్మట సంచి తీసివేసి భుజముపైనుండి కొట్టుమనిరి. గుండ్లు మరల చెదిరినవి. అబ్బాయి చేయి మర మీదికి పోగా సుబేదారుగారు పట్టుకొని, "అది సైటు తప్పు కాదు, నీ ఊపిరి, నీ వ్రేలు" అనిరి.

పాత తుపాకులలో ముందు సైటు ఇనుప పలకను ఆకురాయితో అరుగదీయుటయు కలదని ఆయన తిరుగు దారిలో చెప్పిరి. అరుగదీసిన కొలది గుండు పైకి పోవును. హద్దు మించి అరుగదీసిన ఇనుము మరల రాదు. క్రొత్త పలక వేయవలసినదే.

న్యాయాధిపతుల గ్రంథము 20వ అధ్యాయములో బెన్యామీనీయులు 700 మంది ఎడమచేతి వాటముగలవారి సంగతి మీరెరుగుదురు. వడిసెలతో రాయి విసరి తలవెండ్రుకను సైతము తప్పక కొట్టగలవారు. జొన్నచేలలో మంచెయెక్కి వడిసెల త్రిప్పినవారికి అది ఎంత కష్టమో తెలియును. హెబ్రీ భాషలో అక్కడ "తప్పుట"కు వాడిన క్రియయే ఇతర స్థలములలో "పాపము చేయుట" అను అర్థమున వచ్చుచున్నది. అయితే ఆ 700 మంది ఏ పక్షమున నిలిచిరి? ఒక స్త్రీని చంపిన గిబియా దుర్మార్గులను అప్పగింప నొల్లని పక్షమున. రాయి తప్పలేదు, నిలిచిన చోటే తప్పు. చివరకు ఆ గోత్రపు పురుషులలో 600 మంది మాత్రమే రిమ్మోను బండకు పారిపోయి మిగిలిరి.

మన సంఘములో ప్రభువు బల్లయొద్దకు ఒక పల్లెవారు ముందుగాను, రెండవ పల్లెవారు వెనుకగాను వచ్చు వాడుక యున్నది. ఒక్క నెలయైన తప్పకుండ, ఒక్క తీరుగా జరుపుచున్నాము. మేమును దానిని క్రమమని పిలిచితిమి. గుండ్లన్నియు ఒక్కచోటనే పడుచున్నవి సహోదరులారా, ఎక్కడ పడుచున్నవో అట్ట దగ్గరకు పోయి చూచినవారము కాము.

మరియొక సంగతి చెప్పుటకు సిగ్గగుచున్నది. నాలుగు సంవత్సరముల క్రిందట ఆదివారపు బడి ఉపాధ్యాయుడొకడు క్రిస్మసు ఊరేగింపునకు త్రాగి వచ్చెను. ఆరు సంవత్సరములు మన పిల్లలకు వాక్యము నేర్పినవాడు. ఆ వారమే పెద్దలము కూడి బడిలోనుండి తీసివేసి బల్లకు దూరపరచితిమి. ఒక్క గుండు చూచి మర త్రిప్పితిమి. ఆ దినములలో అతని మిరపతోట తెగులుచేత పోయినదనియు, అప్పులిచ్చినవారు వాకిటిలో కూర్చుండిరనియు మేమెరుగము. ఎరుగకపోవుటకు కారణము అడుగకపోవుటయే. త్రాగుట తప్పు కాదని మేమనుట లేదు. వదులైన మర ఎక్కడ నున్నదని వ్రేలు పెట్టి చూచిన పెద్ద మాలో ఒక్కడును లేడు.

అతడు హైదరాబాదునకు పోయి ఇండ్ల కట్టుబడి పనిలో చేరెను. భార్య మాత్రము ప్రతి ఆదివారము చివరి చాపమీద కూర్చుండి, ఆశీర్వాదమునకు ముందే లేచి పోవుచున్నది.

రైఫిలు క్లబ్బునుండి వచ్చిన మరునాడు మేము ఆమె యింటికి వెళ్లితిమి. చాలసేపు మాటలాడలేదు. తుదకు, "ఇప్పుడెందుకండీ అయ్యగారూ?" అని అడిగెను. మాయొద్ద జవాబు లేకపోయెను. ఆమె లోపలికి పోయి, పిల్లవాని నోటు పుస్తకములోని కాగితము చింపి, ఫోను నెంబరు వ్రాసి యిచ్చెను. మూడు మారులు చేసితిమి. ఫోను మ్రోగినది గాని అతడు ఎత్తలేదు. అతడు పనిచేయు పేట పేరు ఆమెయే చెప్పినది. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే సుబేదారుగారును మేమును బస్సు ఎక్కుచున్నాము. అతనిని దూరపరచిన నాడు చేయి ఎత్తిన పెద్దలలో రాదలచినవారు శనివారమే మాతో చెప్పవలెను.