ఆటలో మనము ఎవరి స్థానమున నిలుచుచున్నాము?



"ఆటే గదా అయ్యగారూ, అందులో నిజముగా ఎవరు చచ్చిరి?" అని మన యౌవనస్థులు అడుగుచున్నారు. "తుపాకి పట్టిన ప్రతి ఆటయు సాతాను ఆటయే" అని పెద్దలు కోపపడుచున్నారు. ఈ రెండు మాటలలో ఏదియు నిదానించి పలికిన మాట కాదని మేము తలంచుచున్నాము. ఆటలో చేసిన హత్య హత్య కాదనుట నిజమే. అయినను ఆటలో చేయునదంతయు మన హృదయమును తాకకయే పోవునని చెప్పుట నిజము కాదు. కావున ఈ నెల ఒక తుపాకి ఆటను, దాని తరువాత వచ్చిన రెండవ ఆటను పక్కపక్కన ఉంచి, వాక్యపు వెలుగులో పరిశీలింతము.

ఆ ఆట పేరు కాల్ ఆఫ్ డ్యూటీ. 2019 నుండి అది సెల్‌ఫోనులోనికి కూడ వచ్చినందున మన పల్లెల పిల్లలలో అనేకులకు ఆ పేరు తెలియును. అయితే మేము చెప్పబోవునవి అంతకుముందు కంప్యూటరు మీదను, టీవీకి తగిలించు ఆటపెట్టెల మీదను ఆడుటకై అమెరికాలోని ఇన్ఫినిటీ వార్డ్ అను సంస్థ చేసిన రెండు ఆటలు. మొదటిది 2007లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ 4, మోడరన్ వార్‌ఫేర్. రెండవది 2009 నవంబరు 10న వచ్చిన మోడరన్ వార్‌ఫేర్ 2. ఒకే కథ, ఒకే చేతిపని. అయినను ఈ రెంటి నడుమ ఒక గొప్ప భేదమున్నది.

ఈ జాతి ఆటలను ఎరుగని పెద్దలకొరకు ముందుగా ఒక మాట. సినిమాలో మనము వీరుని దూరమునుండి చూతుము. ఇందులో అట్లు కాదు. తెరమీద మనకు కనబడునది వీరుని ముఖము కాదు, అతని చేతులును చేతిలోని తుపాకియు మాత్రమే. అతని కన్నులే మన కన్నులు. మనము తిరిగిన వైపు అతడు తిరుగును. మనము మీట నొక్కగా అతని తుపాకి పేలును. కావున ఇట్టి ఆటను గూర్చి అడుగవలసిన మొదటి ప్రశ్న, రక్తమెంత కనబడుచున్నది అనునది కాదు. ఎవరి స్థానమున మనలను నిలుపుచున్నది అనునదే. కన్ను దేహమునకు దీపమువంటిదని మన ప్రభువు కొండమీద బోధించెను గదా. ఎవరి కన్నులతో చూచుటకు మనము అలవాటుపడుదుమో, ఆ వెలుగు గాని ఆ చీకటి గాని మనలోనికి వచ్చును.

తొలి ఆట ఆరంభములో ఒక ఘట్టమున్నది. మధ్యప్రాచ్యములోని ఒక దేశపు అధ్యక్షుని శత్రువులు పట్టుకొని, కారులో పడవేసి, పట్టణపు వీధులగుండ తీసికొనిపోవుదురు. ఆడువాడు ఆ అధ్యక్షుని కన్నులతో చూచుచుండును. అతని చేత తుపాకి లేదు. తల అటు ఇటు త్రిప్పి చూచుట తప్ప అతడేమియు చేయజాలడు. వీధులలో సైనికులు జనులను తరుముటయు, గోడకు నిలిపి కాల్చుటయు అతడు చూచును. తుదకు అతనిని ఒక స్తంభమునకు కట్టి, ఎదుట నిలిచినవాడు తుపాకి గురిపెట్టి పేల్చును. తెర చీకటియగును.

కొంత తరువాత ఆడువాడు జాక్సన్ అను అమెరికా సైనికుడై కొన్ని పోరాటములు గెలుచును. అంతలో అణుబాంబు పేలి అతని హెలికాప్టరు కూలిపోవును. అతడు శిథిలములలోనుండి ప్రాకి బయటికి వచ్చి, ఆకాశమున పుట్టగొడుగువంటి మేఘమును చూచి, కొన్ని అడుగులు వేసి పడి చనిపోవును. అక్కడ ఏ మీట నొక్కినను గెలుపు లేదు. చంపబడువాని స్థానము ఎట్టిదో ఆ ఆట ఈ రెండు ఘట్టములలో ఆడువానికి చూపినది.

అందువలన ఆ తొలి ఆట నిర్దోషమైనదని మేము చెప్పము. అందులోను మనుష్యులను కాల్చుటయే ప్రధానమైన పని. ఒక ఘట్టములో రాత్రివేళ విమానమునుండి క్రిందనున్నవారిని కాల్చవలెను. వారు తెరమీద చిన్న తెల్లని ఆకారములుగా మాత్రమే కనబడుదురు. మనుష్యుని ముఖము కనబడనప్పుడు చంపుట ఎంత సులువగునో ఆ ఘట్టము తెలియజేయుచున్నది. అయినను ఆ ఆటలో ఒక తూకమున్నది. కాల్చువాని చేతిని ఇచ్చిన ఆటయే, కాల్చబడువాని కన్నులను కూడ ఇచ్చినది.

ఇక రెండవ ఆటకు వత్తము. ఇందులో ఒక ఘట్టమున ఆడువాడు జోసెఫ్ అలెన్ అను అమెరికా గూఢచారి. మకరోవ్ అను దుర్మార్గుని నమ్మకము సంపాదించుటకై అతని ముఠాలో మారువేషమున చేరియుండును. ఆ ముఠా మాస్కోలోని ఒక కల్పిత విమానాశ్రయములో లిఫ్టు దిగి, తనిఖీకై నిలిచియున్న ప్రయాణికులమీద తుపాకులు పేల్చును. ఆ ప్రయాణికులు ఆయుధము లేని సామాన్యులు. గాయపడినవారు నేలమీద ప్రాకుదురు. ఆడువాడు చేత తుపాకి పట్టుకొని ఆ హంతకులతోకూడ నడువవలెను. తొలి ఆటలో స్తంభమునకు కట్టబడినవాని స్థానము మనదైతే, ఇందులో స్తంభమునకు ఎదుట నిలిచినవాని స్థానము మనది. ఇదియే ఆ గొప్ప భేదము.

ఈ ఘట్టమునకు అనుకూలముగా చెప్పబడు మాటలు మూడున్నవి. న్యాయముగా వాటిని కూడ వినవలెను.

మొదటిది: "ఆడువాడు కాల్చనక్కరలేదు. తుపాకి పేల్చకయే ఆ ప్రయాణికుల నడుమ నడిచిపోవచ్చును." ఇది నిజమే. అయితే మరియొకటి కూడ నిజము. అతడు ఆ హంతకులమీద తుపాకి పేల్చినచో ఆట అక్కడితో ఆగిపోవును, మరల ఆడవలెను. అనగా చంపుటకు స్వేచ్ఛ ఉన్నది, చూచుచు ఊరకుండుటకు స్వేచ్ఛ ఉన్నది, రక్షించుటకు మాత్రము స్వేచ్ఛ లేదు. స్తెఫనును రాళ్లతో కొట్టిన దినమున సౌలు అను యౌవనుడు ఒక్క రాయియు రువ్వినట్లు అపొస్తలుల కార్యములలో లేదు. అతడు రాళ్లు రువ్వువారి వస్త్రములకు కావలియుండెను. అయినను ఆ చావునకు తాను సమ్మతించినవాడనని సంవత్సరములు గడచిన తరువాత పౌలు ఒప్పుకొనెను. ఊరకుండి నడిచిపోవుట నిర్దోషత్వమని అతడు తలంచలేదు.

రెండవది: "ఆ గూఢచారి గొప్ప మేలుకొరకే ఆ కీడులో పాలుపొందెను." లోకములో ఈ వాదము పాతదే. మేలు కలుగుటకై కీడు చేయుదమను మాటను పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయములో గట్టిగా ఖండించెను. ఆశ్చర్యమేమనగా ఆ ఆట కథయే ఇందుకు సాక్ష్యమిచ్చుచున్నది. మకరోవ్ ఆ గూఢచారిని ముందే గుర్తుపట్టి, చివర కాల్చి, శవమును అక్కడనే విడిచిపోవును. ఈ సంహారము అమెరికా చేసినదని రష్యా నమ్మి యుద్ధమునకు లేచును. మేలుకొరకు చేసిన కీడు మేలు తేలేదు. మరింత కీడునే తెచ్చినది.

మూడవది: "దుర్మార్గము ఎంత భయంకరమైనదో చూపుటకే ఆ ఘట్టము." ఇది ఆలోచింపదగిన మాట. మన పరిశుద్ధ గ్రంథములోను రక్తపాతము వ్రాయబడియున్నది. న్యాయాధిపతుల గ్రంథపు చివరి అధ్యాయములు పిల్లలయెదుట చదువుటకు వెనుదీయుదుము. కావున కీడును చూపుటయే కీడు అని చెప్పజాలము. అయితే నాతాను దావీదునొద్దకు వచ్చిన విధమును చూడుడి. దావీదు పాపమును దావీదునకు చూపుటయే అతని పని. అందుకై అతడు ఒక కథ చెప్పెను. ఒక బీదవానికి ఒకే ఒక గొఱ్ఱెపిల్ల, దానిని అతడు కుమార్తెవలె పెంచుకొనెను. ధనవంతుడు దానిని పట్టుకొని అతిథికి వండించెను. కథ వినగానే దావీదు కోపము రగులుకొనెను. ఎవరి పక్షమున రగులుకొనెను? బీదవాని పక్షమున. నాతాను దావీదు చేతికి కత్తి ఇచ్చి, నీవే ఆ గొఱ్ఱెపిల్లను కోయుమనలేదు. ముందు నష్టపోయినవాని స్థానమున నిలిపి, తరువాత, నష్టపరచినవాడు నీవే సుమా అని తెలియజేసెను. మనస్సాక్షిని మేలుకొలుపు త్రోవ అది. ముందే కత్తి చేతికిచ్చుట ఆ త్రోవ కాదు.

ఆ ఆట చేసినవారికి సయితము ఈ సంగతి కొంత తోచియుండవలెను. కలతపడువారు ఆ ఘట్టమును విడిచి ముందుకు పోవచ్చునని వారే ఆటలో ముందుగా హెచ్చరిక ఉంచిరి. జర్మనీ, జపాను దేశములలో అమ్మిన ప్రతులలో ప్రయాణికులను కాల్చినచో ఆడువాడు ఓడిపోవునట్లు మార్చిరి. రష్యాలో ఆ ఘట్టమునే తీసివేసిరి. అమెరికాలో ఆ ఆటకు 17 ఏండ్లు నిండినవారికే తగినదని గుర్తు వేసిరి. అయినను అమ్మకము తగ్గలేదు. ఉత్తర అమెరికా, బ్రిటను ప్రాంతములలో మొదటి దినముననే 47 లక్షల ప్రతులు అమ్ముడుపోయినట్లు అమ్మిన సంస్థ ప్రకటించెను.

రెండవ ఆట ఇంత దూరము ఎందుకు పోవలసివచ్చెను? లోకములో రెండవసారి వచ్చునది మొదటిదానిని మించవలెను. నిన్న ఉలికిపడిన కన్ను నేడు అంతటితో ఉలికిపడదు. మొదటి కీర్తన పాపపు త్రోవను మూడు మెట్లుగా చెప్పుచున్నది. ముందు నడచుట, పిమ్మట నిలుచుట, తరువాత కూర్చుండుట. ఒక్కొక్క మెట్టు చిన్నదే. కూర్చుండినవాడు తాను ఎంత దూరము వచ్చెనో వెనుదిరిగి చూచుకొనడు. ఇది ఆటలకు మాత్రమే చెందిన మాట కాదు. సారాకును, పేకకును, పొరుగువానిమీది చాడీకిని ఇదే నియమము.

అయితే మనము అబద్ధసాక్ష్యము పలుకకూడదు. ఈ ఆటలు ఆడినవాడు హంతకుడగునని చెప్పుట తగదు. అమెరికా మనస్తత్వశాస్త్రవేత్తల సంఘము 2020లో ఈ విషయమును పరిశీలించి, ఘోరమైన నేరములకు ఈ ఆటలే కారణమని చెప్పుటకు తగిన రుజువు లేదనియు, కేకలు వేయుట, త్రోయుట వంటి దుడుకుతనముతో మాత్రము స్వల్ప సంబంధము కనబడుచున్నదనియు తెలిపెను. కావున ఆట ఆడిన కుమారుని హంతకునివలె చూచు తండ్రి అన్యాయము చేయుచున్నాడు.

మేము భయపడునది వేరొకటి. ఆ రెండవ ఆట రాకమునుపు ఏడాది క్రిందట, 2008 నవంబరు 26 రాత్రి, ముంబయి నగరమున ఛత్రపతి శివాజీ రైల్వే స్టేషనులో ఇద్దరు తుపాకులు పట్టి, రైలుకొరకు వేచియున్న ప్రయాణికులమీద కాల్పులు జరిపిరి. అక్కడ 50 మందికి పైగా చనిపోయిరి. వారు మూటలు దగ్గర పెట్టుకొని, బిడ్డలను ఒడిలో పరుండబెట్టుకొని రైలుకై కనిపెట్టు మనవంటివారే. మన ఊళ్లనుండి కూలిపనికి, చదువుకు పోవువారు స్టేషన్లలో అట్లే కూర్చుందురు. అట్టి సంగతి వినినప్పుడు మన హృదయము ముందుగా ఎక్కడికి పరుగెత్తవలెను? ఆ మూట దగ్గర కూర్చున్నవానియొద్దకు. కాల్చువాని వెనుక నడచుటకు పదేపదే అలవాటుపడిన కన్ను ఆ పరుగులో కొంచెమైనను వెనుకబడునేమో అనునదే మా భయము. హత్యను గూర్చి ప్రభువు చెప్పినప్పుడు చేతితో ఆరంభింపలేదు, హృదయములోని కోపముతో ఆరంభించెను.

పెద్దలారా, మీకును ఒక మాట. సమూయేలు రెండవ గ్రంథము రెండవ అధ్యాయములో గిబియోను కొలను సంగతి చదువుడి. కొలనుకు ఈ ప్రక్కను ఆ ప్రక్కను యోవాబును అబ్నేరును కూర్చుండిరి. యౌవనులు లేచి తమ యెదుట ఆట ఆడవలెనని అబ్నేరు అడుగగా యోవాబు సరే అనెను. పన్నిద్దరును పన్నిద్దరును లేచిరి. ఇరువది నలుగురును ఒకచోటనే కూలిరి. ఆట కోరినవారు పెద్దలు, కూలినవారు పిల్లలు. నేడు 12 ఏండ్ల బిడ్డ చేతికి ఫోను ఇచ్చి, అల్లరి లేకుండ కూర్చుండెను చాలునని మనము తృప్తిపడినయెడల, కొలను గట్టున కూర్చున్నవారము మనమే.

మరి ఏమి చేయవలెను? ఫోను పగులగొట్టుట ఉపదేశము కాదు. ఒక సాయంకాలము బిడ్డ ప్రక్కన కూర్చుండి ఆ ఆటను చూడుడి. మూడు ప్రశ్నలు నెమ్మదిగా అడుగుడి. ఇందులో నీవు ఎవరి స్థానమున నిలుచుచున్నావు? ఇందులో ఎవరినైనను రక్షించుటకు నీకు వీలున్నదా? ఆట ముగించి లేచినప్పుడు నీ తమ్మునితో మునుపటివలెనే మాటలాడగలవా? యౌవనుడా, మేము నీ ప్రక్కన లేనప్పుడు ఈ ప్రశ్నలు నిన్ను నీవే అడుగుకొనుము. జవాబు చెప్పుటకు నీ మనస్సు జంకినయెడల ఆ ఘట్టమును విడిచిపెట్టుము. విడిచినందుకు నీకు నష్టమేమియు లేదని ఆ ఆట చేసినవారే చెప్పియున్నారు గదా.

మన ప్రభువు తన్ను పట్టుకొనవచ్చిన రాత్రి, పేతురు చేతిలోని కత్తిని ఒరలో పెట్టించెను. దేవదూతల సేనలను పిలువగలిగినవాడు, కొట్టువారి పక్షమున కాక కొట్టబడువారి స్థానమున నిలిచెను. ఆయన శిష్యులమైన మనము పనిలోనే గాని ఆటలోనే గాని ఆ స్థానమును మరచిపోకుందుము గాక. ఆమేన్.