తెలుపు తెచ్చిన బాధ్యత

ప్రేమతో తెచ్చుకున్న ప్రాణిని బంధించి ఉంచినప్పుడు ఆ ప్రేమకు కొలత ఏది? ఉక్కునగరమైన భిలాయిలో ఈ ప్రశ్న రెండుచోట్ల ఎదురవుతుంది: మైత్రీబాగ్ జంతుప్రదర్శనశాలలో తెల్లపులి ముందు, ఇంటిలో పిల్లలు ముచ్చటపడి పెంచుకొనే తెల్ల ఎలుకల పెట్టె ముందు.

సోవియట్ సహకారంతో వెలసిన భిలాయి కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో ప్రారంభమయింది. ఆ స్నేహానికి చిహ్నంగా 1972లో మైత్రీబాగ్ ఏర్పడింది. దానికి ప్రసిద్ధి తెచ్చినవి తెల్లపులులు. 1951లో రీవా అడవుల్లో పట్టుబడిన 'మోహన్' అనే కూనే మన దేశపు జంతుశాలల్లోని తెల్లపులుల వంశానికి ప్రధాన మూలపురుషుడు. చారలు గల తెల్లపులిలో వర్ణద్రవ్యం పూర్తిగా లోపించదు. ఎర్రకళ్ల తెల్ల ఎలుకలో అది బొత్తిగా ఉండదు. కారణాలు వేరైనా చరిత్ర ఒకటే. అరుదుగా పుట్టిన రంగును మానవుని కన్ను మెచ్చింది. రక్తసంబంధం గల జంటలను కలిపి దానిని నిలబెట్టింది. ఆ ప్రాణులకు ఇక అడవీ లేదు, పొలమూ లేదు. వాటికి తగిన నెలవు కల్పించడం దయ అనిపించుకోదు. అది తీర్చవలసిన ఋణం.

కదలికకు చాలినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో ఏ జంతువును ఉంచినా నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం శాసించింది. అందులో పులికీ ఎలుకకూ భేదం లేదు. అయితే పులి బోనును పరిశీలించడానికి 1992లో ఏర్పడిన కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఉన్నది. ఎలుక పెట్టెను పరిశీలించేది యజమాని మనస్సాక్షి ఒక్కటే.

ఇంట చొరబడిన ఎలుకకు బోను పెట్టే చేతులే తెల్ల ఎలుకకు ఇల్లు కట్టడం కపటం కాదా అని అడగవచ్చు. మొదటిది తన దారిన తాను వచ్చినది. రెండవది మనం కోరి తెచ్చుకున్నది. కోరిక ఉన్నచోట బాధ్యత పుడుతుంది. మొదటిదానిని హింసించడానికి మాత్రం ఈ భేదం అనుమతి కాజాలదు.

ఎలుక నిశాచరి, తవ్వుతుంది, తోడు కోరుతుంది. కనుక తవ్వుకోవడానికి లోతైన పరుపు, గూటికి కాగితపు ముక్కలు, ఎండ తగలని చోటు కావాలి. ఆడ ఎలుకలు రెండు మూడు కలిసి బ్రతుకుతాయి. ఎదిగిన మగవి తరచు పోట్లాడుకుంటాయి. మూత్రపు ఘాటు నిలవకుండా గాలి ఆడాలి. శుభ్రం చేసినప్పుడు పాత గూటినుండి ఒక పిడికెడు మిగల్చాలి. మనకు మురికిగా తోచిన ఆ వాసనే ఎలుకకు ఇంటి గుర్తు.

అన్నిటికన్నా ముఖ్యం దాగుచోటు. అది అమర్చిన పెట్టె పగటిపూట ఖాళీగా కనిపిస్తుంది, పిల్లవాడు నిరాశపడతాడు. పులి చాటుకు పోయి పడుకుంటే మైత్రీబాగ్ సందర్శకుడూ అలాగే నిట్టూరుస్తాడు. కనబడకుండా ఉండే హక్కును ప్రాణికి ఇవ్వగలిగిన నాడే ఆ నెలవు తగినదవుతుంది. చూడాలన్న కోరికతో కన్ను చేసిన అప్పును, చూడకుండా ఓర్చుకొని ఆ కన్నే తీర్చవలసి ఉంటుంది.