సన్నటి శిఖరం

గామా కిరణాల డిటెక్టర్ల కోసం నేను పెంచే స్ఫటికానికి అందం లేదు. కాడ్మియం, జింక్, టెల్లూరియం కలిసిన బూడిదరంగు కడ్డీ. లోపల చిక్కుకుపోయిన టెల్లూరియం బిందువులు మామూలు కంటికి ఆనవు, ఇన్‌ఫ్రారెడ్ మైక్రోస్కోపు కావాలి. కొలిమిలో రోజుకు కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. వాంకూవర్ దీవిలోని సానిచ్‌టన్‌లో రెడ్‌లెన్ కంపెనీ వీటినే పెద్దఎత్తున తయారుచేస్తుంది. ఒక్కో ఫోటాన్‌నూ లెక్కపెట్టే సీటీ స్కానర్ల మీద ఆశతో 2021లో కానన్ దాన్ని కొనేసింది.

నాకు ఓపిక ఎక్కువని నలుగురిలో చెప్పుకుంటుంటాను. కొలిమి దగ్గర ఓపిక ఎవరికైనా ఉంటుంది, చేయగలిగిందేమీ లేదు కనుక. అసలు సంగతి కడ్డీని కోసి, నునుపు చేసి, బంగారు కాంటాక్టులు వేసి, సీజియం-137 ముందు పెట్టినప్పుడు తేలుతుంది. వచ్చే గామా గ్రాఫులో 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర శిఖరం లేవాలి. పాత సోడియం అయొడైడ్‌లో దాని వెడల్పు 7 శాతం దాకా ఉంటుంది, మాదాంట్లో మంచి ముక్కకు 1 శాతం. ఎలక్ట్రాన్లు గట్టెక్కుతాయి కానీ అవి ఖాళీచేసిన చోట్లు, అంటే హోల్స్, దారిలోనే చిక్కుకుంటాయి. అందుకే శిఖరానికి ఎడమపక్క తోక సాగుతుంది.

ఆ తోక పక్కవారి ముక్కలో కనిపిస్తే, ‘స్ఫటికంలోనే లోపం’ అనేస్తాను. నా ముక్కలో కనిపిస్తే కాంటాక్టు సరిగ్గా పడలేదంటాను. వోల్టేజి కాస్త పెంచుతాను, కిరణాలను సన్నగా మలిచే కాలిమేటర్‌ను స్ఫటికంలో మెరుగ్గా ఉన్న మూలకు జరుపుతాను. కాకిపిల్ల కాకికి ముద్దు. ఇది మోసమేమీ కాదు, షరతులన్నీ పేపర్లో రాస్తాం. పెంచినవాడే పరీక్షకుడైనప్పుడు మాత్రం, గ్రాఫుకెక్కని ముక్కల సంగతి ఎవరూ అడగరు, మేమూ చెప్పం.

ఇలా ఏరుకునే వీలు అందరికీ ఉండదు. 1978 జనవరి 24న అణు రియాక్టరున్న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 ఉత్తర కెనడా మీద ముక్కలైంది. ఆ శకలాల కోసం గామా స్పెక్ట్రోమీటర్లు పెట్టుకున్న విమానాలు 1,24,000 చదరపు కిలోమీటర్ల మంచునేలను గాలించాయి. అలా ఎగిరేవాళ్లకు స్ఫటికంలో మంచి మూల ఎంచుకునే వీలెక్కడిది? పెట్టెలో ఉన్నదంతా పనిచేయాలి. నా సన్నటి శిఖరాన్ని ఈ లెక్కన తూచితే అది స్ఫటికం గొప్పకన్నా నా ఏరుడు గొప్పే ఎక్కువ చెబుతుంది.

కొత్త డిటెక్టర్ పదార్థం వచ్చిందని ఎక్కడ చదివినా, ఒక కడ్డీలో ఎన్ని ముక్కలు కోస్తే ఎన్ని నిలిచాయో అడగండి. నన్నూ అడగండి.