దారి ఎవరిది? కల్మాషపాదుడి కథ, మా నిజాంపేట సందు

ఈ వారం వీడియోలో కల్మాషపాదుడి కథ చెప్పాను కదా, అందులో నా సొంత విషయం ఒకటి కావాలనే దాటేశాను. కెమెరా ముందు చెప్పడానికి సిగ్గేసింది. ఇక్కడ రాసేస్తున్నా.

పోయిన నెలలో ఒక మంగళవారం సాయంత్రం, అమ్మని స్కూటీ మీద ఆంజనేయస్వామి గుడికి తీసుకెళ్తున్నా. నిజాంపేటలో మా సందుకి రెండు పక్కలా కార్లు పెట్టేస్తారు. మధ్యలో ఒక్క బండికే దారి. మేం సగం దాటేశాక ఎదురుగా ఒక పెద్ద ఎస్‌యూవీ లోపలికి దూరింది. మమ్మల్ని చూశాక కూడా ఆగలేదు. హై బీమ్ కొడుతూ, హారన్ మోగిస్తూ మీదికి వస్తూనే ఉంది. ముందు బంతిపూల దండ, బానెట్ మీద కుంకుమతో స్వస్తిక్. ఆ రోజే వాహన పూజ చేయించినట్టున్నారు. అమ్మ భయపడి దిగబోయి, కంకర మీద కాలు మడత పడి, పక్కనున్న కారు పట్టుకుని నిలబడింది.

నాకు ఒళ్లు మండిపోయింది. స్కూటీ రోడ్డు మధ్యలో పెట్టి స్టాండ్ వేసేశా. "పోనీలే, పక్కకి తియ్యి నాన్నా" అని అమ్మ అంటూనే ఉంది. తియ్యలేదు. అద్దం దిగింది. ఆయన ఒక మాటన్నాడు, నేను రెండన్నాను. చివరికి నా నోట్లోంచి "ఈ బండిలోనే పోతావ్ చూడు" అని వచ్చేసింది. అప్పుడు కనపడింది, వెనక సీట్లో నాలుగైదేళ్ల పాప, చేతిలో ప్రసాదం దొన్నె. నన్నే చూస్తోంది.

కోపం అనవసరం, అంతా మాయ అని చెప్పడానికి ఇది రాయట్లేదు. ఆ బండి నిజంగానే ప్రమాదం. రోడ్డు ప్రమాదాల మీద పరిశోధన చేసే అమెరికన్ సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2023లో చెప్పిన లెక్క ఇది: బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండి గుద్దితే, 30 అంగుళాల లోపు ఉండి ముందుభాగం వాలుగా ఉన్న కారుతో పోలిస్తే, నడిచే మనిషి చనిపోయే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువ. చిన్న కారు కాళ్లకి తగులుతుంది, ఎత్తు బానెట్ నేరుగా ఛాతీకీ తలకీ తగులుతుంది. ముందుకి అదనంగా బిగించే ఇనుప గార్డుల మీద చర్య తీసుకోమని మన కేంద్ర రవాణా శాఖ 2017లోనే రాష్ట్రాలకి రాసింది. ఇప్పటికీ ఎన్ని బండ్లకి కనపడుతున్నాయో మీరే చూస్తున్నారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేది దిష్టి పోవాలని. ఆ టైరు ముందు నిలబడ్డ మనిషికి ఏ నిమ్మకాయ పెట్టాలో మరి.

సరే, కథకి వద్దాం. (వినాయకుడి ఎలుక గురించి చెప్తాననుకున్నారా? అది అందరూ చెప్తారు.)

ఆదిపర్వం. ఇక్ష్వాకు వంశపు రాజు కల్మాషపాదుడు వేటాడి, ఆకలితో, దాహంతో వస్తున్నాడు. ఒక్కరే పట్టే ఇరుకు దారి. ఎదురుగా వసిష్ఠుడి పెద్దకొడుకు శక్తి. తప్పుకో అన్నాడు రాజు. బ్రాహ్మణుడికి రాజు దారివ్వడం ధర్మం అని శక్తి శాంతంగానే చెప్పాడు. ఇద్దరూ కదల్లేదు. రాజు కొరడా తీసి కొట్టాడు. శక్తి శపించాడు: నరమాంసం తినే రాక్షసుడివై తిరుగు, అని.

తర్వాత ఏమైందో చూడండి. వసిష్ఠుడి మీద పగతో ఉన్న విశ్వామిత్రుడు కింకరుడనే రాక్షసుణ్ణి రాజులోకి పంపాడు. ఆ రాజు తన ఆకలికి మొదట పట్టుకుని తిన్నది ఎవర్నో తెలుసా? శక్తినే. నువ్విచ్చిన శాపమే కదా, నీతోనే మొదలుపెడతా అని మరీ తిన్నాడు. ఆ తర్వాత శక్తి తమ్ముళ్లని.

దారి శక్తిదే. కొరడా దెబ్బ తిన్నదీ ఆయనే. తప్పు రాజుది, అందులో రెండో మాట లేదు. కానీ కొరడాతో కొట్టిన అహంకారిని మనుషుల్ని తినే రాక్షసుడిగా మార్చింది మాత్రం శక్తి నోటి మాట.

నన్ను ఇంకా కదిలించింది వేరే. శక్తి చనిపోయేనాటికి భార్య అదృశ్యంతి కడుపుతో ఉంది. పుట్టినవాడు పరాశరుడు. ఆయన కొడుకే వ్యాసుడు. అంటే వ్యాసుడు రాసింది తన సొంత తాతగారి గొడవ! తండ్రిని తిన్నారని పరాశరుడు రాక్షసుల్ని యజ్ఞంలో కాలుస్తుంటే, పులస్త్యుడు వచ్చి ఆపమన్నాడు. శక్తి తన తప్పు వల్లే పోయాడని మొహం మీదే చెప్పాడు. మన తాత గురించైతే ఆ మాట మనం రాస్తామా? ఎడిట్ చేసేస్తాం.

అదే భారతంలో, అరణ్యపర్వంలో, మరో దారి ఉంది. జనకుడి యజ్ఞానికి వెళ్తున్న బాలుడు అష్టావక్రుడికి దారిలో రాజే ఎదురయ్యాడు. ఆ పిల్లాడు భయపడకుండా వరస చెప్పాడు: చూపు లేనివాళ్లకి, వినపడనివాళ్లకి, స్త్రీకి, బరువు మోసేవాళ్లకి ముందు దారివ్వాలి. మన భాషలో ప్రయారిటీ క్యూ. రాజు వీళ్ల తర్వాత. ఆ రాజుకన్నా కూడా బ్రాహ్మణుడు ముందని తన విషయం కలిపాడు, అది ఆ కాలపు మర్యాద. నేను ఆగిపోయింది మాత్రం మొదటి నలుగురి దగ్గరే. జనకుడు వాదించలేదు, దారిచ్చాడు. ఆయన వెనక పరివారం ఉంది, ఆ పిల్లాడి వెనక మేనమామ శ్వేతకేతు ఒక్కడు.

పెద్ద బండి కొనుక్కున్నవాళ్లు, కొనబోతున్నవాళ్లు (నేనూ షోరూమ్‌కి రెండుసార్లు వెళ్లొచ్చాను, ఎందుకు దాచాలి) జనకుడి వైపు నుంచి ఈ కథ చదవండి. నాలాగా స్కూటీ మీద ఉన్నవాళ్లు శక్తి వైపు నుంచి.

కల్మాషపాదుడి శాపం ఎలా పోయింది? పన్నెండేళ్ల తర్వాత తన మీదికి వచ్చిన అతన్ని వసిష్ఠుడు ఎదురు శపించలేదు. నీళ్లు మంత్రించి చల్లాడు. నూరుగురు కొడుకుల్ని పోగొట్టుకున్న తండ్రి.

నాకు మంత్రం రాదు. మరుసటి మంగళవారం గుడికి వెళ్లి అర్చన టికెట్ తీసుకున్నా. పూజారి గారు పేరు, గోత్రం అడిగారు. నా దగ్గరున్నది బండి నంబర్ ఒక్కటే. ఫొటో ఆ రోజే తీశాను, ట్రాఫిక్ పోలీసులకి పంపాను కూడా. పంపడం తప్పని ఇప్పటికీ అనుకోవట్లేదు. ఆ ఇంకో మాటే వెనక్కి తీసుకోవాలి.

విషయం చెప్పాను. ఆయన నవ్వి, "నంబర్ ప్లేట్‌కి సంకల్పం ఎలా చెప్పను బాబూ, సకుటుంబానాం అని చెప్తాలే, ఆ పాప కూడా అందులో వస్తుంది" అన్నారు.

అమ్మ పక్కనే చేతులు జోడించి నిలబడింది, ఇంకా వాపు తగ్గని కాలు కొంచెం పైకెత్తి పెట్టుకుని.