లంకెబిందెల కోసం కొండకు వెళ్లినవాడు

నౌపడలో ఉప్పు మడుల మీద బతికే ఒక తండ్రి, ఒక కొడుకు ఉండేవారు. పర్లాకిమిడి రాజావారు 1900లో నడిపించిన చిన్న రైలు నౌపడ జంక్షన్ నుంచి కూత వేసుకుంటూ బయలుదేరే కాలం అది.

తండ్రికి మడులంటే ప్రాణం. సంక్రాంతి దాటగానే కాలువ తీసి ఉప్పునీటిని పెద్ద మడిలోకి ఎక్కించేవాడు. అది ఎండకు చిక్కబడ్డాక పక్క మడికి, అక్కడి నుంచి ఇంకో మడికి వదిలేవాడు. ఉప్పు కట్టాల్సిన చివరి మడిని మాత్రం అంతకుముందే రోజుల తరబడి కాళ్లతో తొక్కి గట్టిపరిచేవాడు. నేల మెత్తగా ఉంటే ఉప్పుతోపాటు మట్టీ లేస్తుంది. నీటికి ఎర్రటి జీర వస్తే సమయం దగ్గరపడిందనీ, పైన పలచటి పొర తేలితే ఉప్పు కట్టడం మొదలైందనీ కంటితోనే పోల్చుకునేవాడు. ఉప్పు దిగాక మిగిలే చేదునీటిని వెంటనే బయటికి వదిలేసేవాడు. అది నిలిచిపోతే ఉప్పు చేదెక్కుతుంది, గాలి తగిలితే చెమ్మగిల్లుతుంది. ఆ తర్వాత పొడవాటి కర్రకు బిగించిన చెక్కతో కల్లుప్పును గట్టుకు లాగి కుప్ప పోసేవాడు. మధ్యలో ఒక్క పెద్ద వాన పడితే చాలు, చేసిన కష్టమంతా కరిగిపోయేది. ఆయన గట్టు మీద కూర్చుని తెరిపి కోసం చూసేవాడు. తెరిపి ఇచ్చాక మళ్లీ కాలువ తీసేవాడు, సముద్రం మళ్లీ నీరిచ్చేది.

కొడుక్కి ఈ పని రుచించలేదు. ఉప్పునీటిలో నిలబడి నిలబడి పాదాలు పగిలేవి, పగుళ్లలో మళ్లీ ఉప్పు దిగేది. బస్తాలకెత్తి రైలెక్కించిన ఉప్పు ఎక్కడెక్కడి ఊళ్లకో పోతుంటే తాను మాత్రం గట్టు దాటలేదని బాధపడేవాడు. తండ్రి కాలం చేశాక మడులు అతడి చేతికి వచ్చాయి, బాధ మాత్రం పోలేదు.

ఒక ఏడాది ఆ ఊరికి అంజనం వేసేవాడొకడు వచ్చాడు. తమలపాకు మీద నల్లటి కాటుక పూసి, అందులో భూమి లోపల దాగినవి కనిపిస్తాయని నమ్మబలికేవాడు. చీపురుపల్లి అవతలి కొండల్లో పాత గోతులున్నాయనీ, వాటి అడుగున ఏ కాలపు రాజులో దాచిన లంకెబిందెలు ఉన్నాయనీ చెప్పాడు. ఊరికే ఎవరూ అంత లోతు గోతులు తవ్వరు కదా అన్నదే అతడు చూపిన రుజువు. ఆ మాట కొడుకు మనసులో నాటుకుంది. మడులను ఊరి బుగతకు తాకట్టు పెట్టి, ఆ డబ్బు మొలకు కట్టుకుని, అంజనం వేసేవాడి వెంట రైలెక్కాడు.

గోతులున్న మాట నిజమే. వాటిని ఏ రాజూ తవ్వించలేదు, అక్కడ ఎవరూ ఏమీ దాచలేదు. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే ఆ విజయనగరం కొండల్లో, 1892లో. కోడూరు, గర్భాం, గరివిడి పరిసరాల్లో వందల మంది కూలీలు దిగి నల్లరాయిని పైకి మోశారు. అక్కడి ఒక తీరు రాతికి శాస్త్రజ్ఞులు కోడూరు పేరుమీదనే కోడూరైట్ అని పేరు పెట్టారు. ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దేశంలోని మాంగనీసు నిక్షేపాలన్నిటి గురించి 1909లోనే పెద్ద గ్రంథం అచ్చువేయించాడు. ఆ కొండల కథ అందులో ఉంది. కొడుకు దగ్గర ఆ పుస్తకం లేదు సరే, చుట్టుపక్కల పల్లెల్లో ఆ గోతుల్లో పనిచేసినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒక్కరినైనా అడగాలని అతడికి తోచలేదు. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

వాళ్లు ఒక పాడుపడ్డ గోతిని ఎంచుకున్నారు. నిమ్మకాయలు కోశారు, కుంకుమ చల్లారు, ఒక మేకపోతును బలిచ్చారు. పలుగు, పార, తట్ట పట్టుకుని కొడుకు కిందికి దిగాడు. రెండు నిలువుల లోతుకు వెళ్లేసరికి విరిగిన సుత్తి ఒకటి దొరికింది. ఆ తర్వాత కుళ్లిన తాడు ముక్క, దాని కింద అంబలి కుండ పెంకు. దొరికిన ప్రతిదాన్నీ నిధికి దగ్గరవుతున్నామనడానికి గుర్తుగా అంజనం వేసేవాడు చూపించాడు. చూపించినప్పుడల్లా కొత్త పూజకు డబ్బు అడిగాడు. బరువైన నల్లరాళ్లు పలుగుకు అడ్డం వస్తుంటే కొడుకు విసుక్కుంటూ వాటిని తట్టలకెత్తి గట్టు మీద పారబోసేవాడు. సాయంత్రానికి అరచేతులకు మసి అంటుకునేది, గెడ్డలో ఎంత తోమినా గోళ్ల సందుల్లోంచి వదిలేది కాదు.

ఆ గట్టు మీద ఒక ముసలమ్మ రోజూ వచ్చి కూర్చునేది. చిన్నప్పుడు ఆమె ఆ గోతి దగ్గరే రాళ్లు కొట్టింది, అంతకుముందు ఆమె తల్లి కొట్టింది. పాత చెత్తకుప్పలోంచి ఒక్కొక్క రాయి తీసి, అరచేతిలో ఆడించి బరువు చూసేది. తేలికగా ఉంటే పక్కకు విసిరేది. బరువుగా ఉంటే ఒక బండ మీద పెట్టి చిన్న సుత్తితో చుట్టూ తట్టేది. తెల్లరాయి, పసుపు మట్టి రాలిపోయి నల్లటి ముక్క మిగిలేది. దానిని గంపలో వేసుకునేది. వారానికి ఒకసారి వర్తకుడి బండి వచ్చి గంపలు కొనుక్కుపోయేది. వెనకటి కంపెనీలు మేలురకం రాయిని మాత్రమే తీసుకుని తక్కువ రకాన్ని గట్టు మీద వదిలేశాయి. కాలం మారాక ఆ తక్కువ రకానికీ ధర వచ్చింది. కొడుకు ఆమెను చూసి జాలిపడ్డాడు. తాను బంగారం అంచున ఉన్నాననీ, ఆమె రాళ్లు ఏరుకుంటోందనీ అనుకున్నాడు.

డబ్బు అయిపోయిన నాటి రాత్రి అంజనం వేసేవాడు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. మరికొన్నాళ్లకు వానలు పట్టి గోయి నిండింది. కొడుకు నాలుగు రోజులు గట్టు మీద కూర్చుని ఆ నీళ్ల వంక చూశాడు. ఐదో రోజు ముసలమ్మ తన చోడి అంబలిలో సగం అతడికి పోసి, ఒక సుత్తి చేతికిచ్చి, పక్కన బండ చూపించింది. ఆ వానాకాలమంతా అతడు ఆమె పక్కన రాళ్లు కొట్టాడు. తాను తట్టలకెత్తి పారబోసిన రాళ్లనే మళ్లీ ఏరి, బరువు చూసి, గంపకెత్తాడు.

అప్పుడు ఆమె ఆ కొండ లెక్క మొత్తం అతడికి విప్పి చెప్పింది. ఏ గోతిలో ఎంతమంది దిగారో, ఎవరు మట్టిపెళ్ల విరిగి పడి పోయారో, రాయి బళ్ల మీద రైలుకు ఎలా చేరిందో చెప్పింది. రైలు దాన్ని విశాఖ రేవుకు దించేది. 1933లో అక్కడ నౌకాశ్రయం తెరిచే వరకూ ఓడలు దూరంగా నిలబడేవి, పడవల మీద సరుకు చేరవేసేవారు. అక్కడి నుంచి సముద్రం దాటి ఉక్కు కొలుములకు. మాంగనీసు లేకుండా మంచి ఉక్కు రాదు. ఉక్కులోని గంధకం చెరుపును అది విరుస్తుంది, ఉక్కుకు గట్టితనం ఇస్తుంది. కొడుకు నౌపడ నుంచి ఏ పట్టాల మీద వచ్చాడో ఆ పట్టాల ఉక్కులోనూ మాంగనీసు ఉంది. నిధి ఎప్పుడో కొండ దిగి వెళ్లిపోయింది. వెళ్లిన దారి ఆ గోయి.

ఆ ఏడు చివర అతడు నౌపడకు తిరిగి వచ్చాడు. తన మడుల్లో బుగత మనుషులు పనిచేస్తున్నారు. వాళ్లలో ఒకడిగా కూలికి చేరాడు. సంక్రాంతి దాటాక కాలువ తీస్తే నీరు వచ్చింది. వేసవిలో ఉప్పు కట్టింది. రాళ్లు కూలికి కొట్టిన చేతితోనే చెక్క పట్టుకుని కుప్ప పోశాడు. మడులు విడిపించుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

కొంతకాలానికి మరో అంజనం వేసేవాడు ఆ ప్రాంతానికి వచ్చాడు. ఊరవతల ఇటుకలు తేలిన పాత దిబ్బ ఒకటి ఉంది. దాని కింద లంకెబిందెలున్నాయన్నాడు. కుర్రాళ్లు పలుగులు తీశారు. అతడు వాళ్లకంటే ముందు దిబ్బ దగ్గరికి వెళ్లి అడ్డంగా నిలబడ్డాడు. ఆ దిబ్బ ఎవరు కట్టింది, ఎవరు తవ్వింది, దొరికింది ఎక్కడికి పోయింది, ఈ మూడూ తేలేవరకు పలుగు వేయనివ్వనన్నాడు. వాళ్ల దగ్గర జవాబు లేదు. అతడు మునసబుకు కబురు పెట్టాడు. పెద్దలు వచ్చి ఇటుకలను చూసి, పాత కట్టడమని పోల్చి, పైకి రాశారు. దిబ్బ దక్కింది. అలాంటివి దక్కితే ఏమవుతుందో ఆ ప్రాంతానికి తెలుసు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీది శిథిలాలను 1919లో గిడుగు రామమూర్తి పంతులు గుర్తించి లోకానికి తెలిపారు. ఆ తర్వాత పద్ధతిగా జరిగిన తవ్వకాల్లో బౌద్ధ స్తూపాలు, చైత్యాలు, ధాతు పేటికలు బయటపడ్డాయి. వాటికంటే ముందు అంజనం వేసేవాడి పలుగు ఆ కొండ ఎక్కి ఉంటే ఇటుక ముక్కలే మిగిలేవి.

ఈ కథ నీతి ఇది. పాత గోయి కనిపిస్తే అక్కడ ఏదో ఉందని ఆశపడేముందు, అక్కడి నుంచి ఏం పోయింది, ఎవరి చెమటతో పోయింది అని అడగాలి. ఆ జవాబు తెలిసినవాళ్లు దాదాపు ఎప్పుడూ గోతి గట్టు మీదనే కూర్చుని ఉంటారు, వాళ్ల పక్కన కూర్చోవడానికి ఒప్పుకున్నవాడికి మోసపోయే అవసరం రాదు.

మీ ఊళ్లో దిబ్బనో గుడినో తవ్వుదామని ఎవరైనా వస్తే పలుగు ఇవ్వకండి, కబురు పెట్టండి. భూమిలో పది రూపాయల విలువ దాటిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టమే చెబుతోంది.